రాస్‌బెర్రీ పై మీద ఇంటి జమాఖర్చులు

ఇంటి లెక్కలకు రాస్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు బోర్డు చాలు, జమాఖర్చులు రాసే గ్నూక్యాష్ ప్రోగ్రాం అందులో హాయిగా నడుస్తుంది. ఎడాప్టర్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు: 5 వోల్టులు, 3 ఆంపియర్లు ఇచ్చేదే కావాలి. పాత ఫోను ఛార్జరు పెడితే వోల్టేజీ పడిపోయి తెరమీద మెరుపు గుర్తు కనిపిస్తుంది. ఫైలు సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఎస్‌డీ కార్డు పాడవచ్చు. షట్‌డౌన్ చేశాకే ప్లగ్గు తీయండి. వారానికోసారి లెక్కల ఫైలును పెన్‌డ్రైవులోకి కాపీ చేసి, ఆ కాపీ తెరుచుకుంటోందో లేదో కూడా చూడండి.

పై 4లో గడియారానికి బ్యాటరీ లేదు. నెట్ లేకుండా ఆన్ చేస్తే పాత తేదీ చూపిస్తుంది, ఖర్చులు తప్పు నెలలో పడతాయి. డీఎస్3231 అనే బ్యాటరీ గడియారం మాడ్యూల్ తగిలించండి: బోర్డు మీది 1వ పిన్ను మాడ్యూల్ విద్యుత్తుకు, 3 ఎస్‌డీఏకి (డేటా తీగ), 5 ఎస్‌సీఎల్‌కి (క్లాక్ తీగ), 9 గ్రౌండుకు. పక్కనున్న 2వ పిన్ను 5 వోల్టులది. విద్యుత్తు తీగ అక్కడ పెడితే డేటా తీగల్లోకీ 5 వోల్టులు ఎక్కి బోర్డు దెబ్బతినొచ్చు. తర్వాత సెట్టింగుల్లో ఐ2సీ (ఆ రెండు తీగల మీద మాట్లాడుకునే పద్ధతి) ఆన్ చేసి, బోర్డు ఆన్ అయ్యేటప్పుడు చదివే బూట్ కాన్ఫిగ్ ఫైల్లో ఈ గడియారం పేరు చేర్చాలి.

ఇక లెక్కలు. ఎక్కువమంది తడబడేది క్రెడిట్ కార్డు దగ్గరే. కార్డును అప్పు ఖాతాగా తెరవండి. 2,000 పెట్టి మిక్సీ కొంటే, కొన్న రోజే వంటింటి పద్దులో 2,000 ఖర్చు, కార్డు ఖాతాలో 2,000 అప్పు. బిల్లు కట్టడం బ్యాంకు నుంచి కార్డుకు బదిలీ మాత్రమే. దాన్నీ ఖర్చులో రాస్తే అదే డబ్బు రెండుసార్లు పోయినట్టు కనిపిస్తుంది.

నెలాఖరున స్టేట్‌మెంటుతో నిల్వ సరిచూడండి. తేడాను 9తో భాగిస్తే శేషం రాకపోతే, ముందు అంకెలు తారుమారయ్యాయేమో వెతకండి: 540 బదులు 450 రాస్తే తేడా 90.