బడిలో ఆయా, కాలేజీలో అటెండర్: కనీస వేతనం తక్కువ పడితే బకాయి రాబట్టుకోవడం ఎలా?

ఆయా, స్వీపర్, వాచ్‌మన్, బస్సు క్లీనర్, ల్యాబ్ అటెండర్, హాస్టల్ మెస్ వర్కర్. వీళ్ళలో చాలామందికి "మనది ఫ్యాక్టరీ కాదు కదా, కనీస వేతనం మనకెక్కడిది" అనే అనుమానం ఉంటుంది. వర్తిస్తుంది. 2025 నవంబరు 21న కొత్త కేంద్ర చట్టం వేతనాల కోడ్ అమల్లోకి వచ్చాక, కనీస వేతనం ఫలానా రంగాలకే అన్న పాత గీత చెరిగిపోయింది. పాత 1948 కనీస వేతనాల చట్టం కిందకు టీచర్లు రారని 1996లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. ఆ తీర్పు చూపించి ఆయాలను కూడా వెనక్కి పంపే యాజమాన్యాలున్నాయి. ఊడ్చే, కాపలా కాసే, ఫైళ్ళు మోసే పనికి ఆ తీర్పుతో సంబంధం లేదు.

1. ముందు, అక్కడ పనిచేస్తున్నట్టు ఆధారం

జీతం పూర్తిగా ఇచ్చామని నిరూపించాల్సిన భారం యాజమాన్యానిదే. అయితే "ఈ మనిషి మా దగ్గర పనే చేయలేదు" అని ఒక్క ముక్క అంటే చాలు, కేసు అక్కడే ఆగుతుంది. అందుకే ఐడీ కార్డు, ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ పాస్‌బుక్, వాట్సాప్‌లో వచ్చిన డ్యూటీ మెసేజ్‌లు, బస్సు రూటు చార్టు ఫొటో, ఏది దొరికితే అది దాచుకోండి. ఒక నోటు పుస్తకంలో తేదీ, వచ్చిన టైము, వెళ్ళిన టైము ఏ రోజుది ఆ రోజే రాయండి. నెలాఖరున ఒకే పెన్నుతో ఒకేసారి నింపిన పుస్తకాన్ని అధికారి చూడగానే పసిగడతారు.

బ్యాంకులో పూర్తి జీతం వేసి, సగం చేతికి తిరిగి ఇమ్మనే చోట్లు కూడా ఉన్నాయి. ఏటీఎం కార్డు వాళ్ళకు ఇవ్వకండి. ఇప్పటికే తిరిగిస్తున్నట్టయితే, జీతం పడిన రోజే ప్రతినెలా ఒకే మొత్తం డ్రా అవుతున్న బ్యాంకు స్టేట్‌మెంటే సాక్ష్యం.

2. మీ రేటు ఏది?

రేటు అంటే బేసిక్ ఒక్కటే కాదు, దానికి వీడీఏ (ధరలను బట్టి మారే కరువు భత్యం) కూడా కలపాలి. ఏప్రిల్ 1న, అక్టోబరు 1న వీడీఏ మారుతుంది. ఇప్పటి రేటునే పాత నెలలన్నిటికీ వేసి లెక్క కట్టడం అందరూ చేసే పొరపాటు. ఆరు నెలలకో వరుస చొప్పున విడివిడిగా రాయాలి.

ప్రైవేటు బడులకు, ఉస్మానియా, ఆంధ్రా వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు రాష్ట్ర కార్మికశాఖ ప్రకటించిన రేటు. పార్లమెంటు చట్టంతో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మనూ (మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం)లలో మాత్రం కేంద్రం రేటు. అక్కడి కాంట్రాక్టర్ దగ్గర పనిచేసేవాళ్ళకూ అంతే. సర్కారు బడి మధ్యాహ్న భోజన కార్మికుల సంగతి వేరు. వాళ్ళకిచ్చేది గౌరవ వేతనం. 2009 డిసెంబరులో కేంద్రం పెట్టిన లెక్క నెలకు 1,000 రూపాయలు, అదీ ఏడాదికి పది నెలలే. ఆ పోరాటం ఇక్కడ చెప్పే బకాయి దరఖాస్తుతో తేలేది కాదు.

3. బకాయి లెక్క

మీ రేటు నెలకు 13,000 అనుకుందాం, చేతికి వస్తున్నది 9,000. తేడా 4,000. ఇలా 30 నెలలైతే 1,20,000.

ఆయాల విషయంలో ఓవర్‌టైమ్‌ను అసలు ఎవరూ అడగరు. ఉదయం 7కు బస్సెక్కి, పిల్లలందరినీ దింపి సాయంత్రం 5కు దిగితే, గంట విరామం పోను రోజుకు 9 గంటలు, వారానికి 54. వారం పని 48 గంటలు, కాబట్టి 6 అదనం. 13,000ను నెలలోని 26 పనిదినాలతో భాగిస్తే రోజుకు 500, దాన్ని 8తో భాగిస్తే గంటకు 62.50. ఓవర్‌టైమ్‌కు రెట్టింపు, అంటే 125. వారానికి 750 రూపాయలు పోతున్నాయన్నమాట! బస్సులో గడిచే సమయం డ్యూటీయే, ప్రయాణం కాదు.

4. కోతలు చూడండి

కార్మికుడి వాటా పీఎఫ్‌కు 12 శాతం, ఈఎస్ఐకి 0.75 శాతం. యాజమాన్యం వాటా పీఎఫ్, ఈఎస్ఐలను కూడా మీ జీతంలోంచే లాగితే అది అక్రమ కోత. దాన్ని కూడా బకాయిలో కలపండి. ఏ కోతలైనా సరే, అన్నీ కలిపి జీతంలో సగం దాటకూడదు.

5. దరఖాస్తు

మీ ప్రాంత సహాయ కార్మిక అధికారి కార్యాలయంలో అడిగితే క్లెయిమ్ విచారించే అధికారి ఎవరో చెబుతారు. కేంద్ర విశ్వవిద్యాలయమైతే హైదరాబాద్‌లోని ప్రాంతీయ కార్మిక కమిషనర్ కార్యాలయానికి వెళ్ళాలి. మీరే ఇవ్వొచ్చు, యూనియన్ తరఫునా ఇవ్వొచ్చు. కాంట్రాక్టర్ ఒక్కడి పేరే రాస్తే, టెండరు ముగిశాక అతను దొరకడు. బడి లేదా విశ్వవిద్యాలయం పేరు కూడా ప్రతివాదిగా రాయండి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే బాధ్యత వాళ్ళదే.

పాత చట్టంలో ఆరు నెలలే ఉన్న గడువు కోడ్‌లో మూడేళ్ళయింది. బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం వేసే అధికారం ఉంది. అడగందే రాదు కాబట్టి దరఖాస్తులో ఆ వాక్యం ఉండాలి. ఇచ్చిన కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి.

ఈలోగా "తక్కువ జీతానికి ఒప్పుకుంటున్నాను" అని సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. ఏప్రిల్ చివర రాజీనామా రాయించుకుని జూన్‌లో మళ్ళీ చేర్చుకునే కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి, సర్వీసు తెగిపోతుంది. ఆర్డరు వచ్చాక కూడా కట్టకపోతే అధికారి కలెక్టర్‌కు రికవరీ సర్టిఫికెట్ పంపుతారు. అప్పుడు ఆ డబ్బు భూమిశిస్తు బకాయిలా వసూలవుతుంది.