హ్యాట్ ఇన్హిబిటర్ మీద ప్రాజెక్టా? ఎంటీటీ (సెల్స్ బతికున్నాయో లేదో చూసే టెస్ట్) కంటే ముందు వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ప్రోటీన్లు చూసే టెస్ట్) చెయ్యండి

గుంటూరు, విజయవాడ సైడ్ ఎం.ఫార్మసీ, బయోటెక్ పిల్లలు హ్యాట్ (డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్లకి అసిటైల్ గ్రూపు తగిలించే ఎంజైమ్) ఇన్హిబిటర్, అంటే దాన్ని ఆపే మందు, అనగానే ఫస్ట్ చెప్పే పేరు కర్క్యుమినే, దుగ్గిరాల యార్డు పక్కనే ఉంది పసుపుకేం కొదవ అని. వద్దండీ బాబూ. అది పీ300 అనే హ్యాట్‌ని ఆపుతుందని 2004లో పేపర్ వచ్చిన మాట నిజమే, కానీ దానికదే పచ్చగా మెరుస్తూ ఫ్లోరోసెన్స్ రీడింగ్ పాడుచేస్తుంది, మీడియాలో ఎక్కువసేపు నిలవదు, కనపడిన ప్రోటీన్‌కల్లా అంటుకుంటుంది. జీడి పెంకు నూనెలో ఉండే అనకార్డిక్ యాసిడ్ మీద, కోకం కాయలోని గార్సినాల్ మీద కూడా ఇలాంటి డౌట్లే ఉన్నాయి. 2010లో వచ్చిన సీ646 అనే ఇన్హిబిటర్ వీటికంటే నయం గానీ అదీ థయాల్స్‌తో (ప్రోటీన్లలో ఉండే సల్ఫర్ గ్రూపులు) రియాక్ట్ అవుతుంది.

పీ300, దాని జోడీ ఎంజైమ్ సీబీపీని ఆపాలంటే 2017లో వచ్చిన ఏ-485 తెప్పించుకోండి, ఇది ఎంజైమ్‌లో అసిటైల్ కోఏ (అసిటైల్ గ్రూపు ఇచ్చేది) కూర్చునే చోటే తను కూర్చుంటుంది. దాంతోపాటు ఏ-486 కూడా తప్పకుండా కొనండి, చూడ్డానికి దాదాపు అదే మాలిక్యూల్ కానీ పని చెయ్యదు. రెండింటికీ సెల్స్ ఒకేలా చచ్చాయంటే మీరు చూసింది హ్యాట్ ఎఫెక్ట్ కాదన్నమాట, బడ్జెట్ లేదని జనం వదిలేసేది సరిగ్గా దీన్నే.

డీఎంఎస్ఓలో (మందు కరిగించే సాల్వెంట్) స్టాక్ కలిపి చిన్న చిన్న ఆలికాట్లు (విడివిడి వాటాలు) చేసి ఫ్రీజర్‌లో పెట్టండి, మన ఎండాకాలం కరెంటు కోతల సంగతి తెలిసిందే, పదే పదే కరిగి గడ్డకడితే నమ్మలేం. సెల్స్ మీద డీఎంఎస్ఓ 0.1 శాతం దాటనివ్వొద్దు, కంట్రోల్‌కీ అంతే వెయ్యాలి.

ఇప్పుడు అసలు పని, బ్లాట్. కొన్ని గంటలు ట్రీట్ చేసి హిస్టోన్లు తీసేటప్పుడు బఫర్‌లో సోడియం బ్యూటిరేట్ వెయ్యండి, లేకపోతే హెచ్‌డ్యాక్‌లు (అసిటైల్ తీసేసే ఎంజైమ్‌లు) ట్యూబులోనే అసిటైల్ పీకేస్తాయి, మీరేమో డ్రగ్ పనిచేసిందని సంబరపడతారు. 15 శాతం జెల్, మెంబ్రేన్ మాత్రం 0.2 మైక్రాన్‌దే, ఎందుకంటే హెచ్3 అనే హిస్టోన్ సుమారు 17 కేడీఏ (కిలోడాల్టన్) దగ్గర పరిగెత్తే చిన్న ప్రోటీన్, 0.45 అయితే దాటిపోయే రిస్క్ ఉంది. హెచ్3కే27ఏసీ (హెచ్3లో 27వ లైసీన్ మీద అసిటైల్), హెచ్3కే18ఏసీ తగ్గాలి, హెచ్3కే9ఏసీ కదలకూడదు, టోటల్ హెచ్3 సమానంగా ఉండాలి. కే9 కూడా పడిపోయిందంటే డోస్ ఎక్కువైందేమో చూడండి.

ఈ ప్యాటర్న్ వచ్చాకే ఎంటీటీ. ఆండ్రోజెన్ రిసెప్టర్ ఉన్న ప్రోస్టేట్ క్యాన్సర్ సెల్ లైన్, ఎల్ఎన్‌క్యాప్ లాంటిది తీసుకుంటే ఏ-485 ఎఫెక్ట్ బాగా కనపడుతుంది, పక్కన రిసెప్టర్ లేని పీసీ-3 పెట్టుకోండి.

బ్రెస్ట్ క్యాన్సర్ అనుకుని కేఏటీ6 అనే ఇంకో హ్యాట్ వైపు వెళ్తే మాత్రం డబ్ల్యూఎం-1119 అనే ఇన్హిబిటర్ కావాలి, అప్పుడు చూడాల్సిన మార్క్ హెచ్3కే23ఏసీ, కే27 యాంటీబాడీ దానికి పనికిరాదు, కాబట్టి ఏ ఎంజైమో గైడ్‌తో తేల్చుకున్నాకే ఆర్డర్ పెట్టండి.