పిలవగానే కుక్క రావాలంటే

పిలిచినా రాని కుక్కని మొండిదని తిట్టేస్తుంటారు. ఆటలో ఉండగా ‘రా’ అన్నారు, వచ్చింది, చైన్ వేసి ఇంటికి లాక్కెళ్లారు. నాలుగుసార్లు అలా జరిగితే ఆ మాట వినగానే దూరంగా పోవడమే దానికి లాభం. మాట అలా చెడిపోయి ఉంటే దాన్ని వదిలేసి కొత్తది పెట్టుకోండి. ఇంట్లో అందరూ అదే వాడాలి.

మొదలుపెట్టేది చప్పుడు లేని గదిలో. ఉప్పుకారం లేకుండా ఉడికించిన చికెన్‌ని బఠాణీ గింజంత ముక్కలు చేసి జేబులో దాచుకోండి. ముందే చూపిస్తే కుక్క మాటకి రాదు, ముక్కకి వస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి ఒక్కసారే పిలవండి. తల మీవైపు తిప్పిన క్షణంలోనే మెచ్చుకోండి. దగ్గరికొచ్చాక ఒక చేత్తో మెడ బెల్టు పట్టుకుని, రెండో చేత్తో ముక్క పెట్టి వదిలేయండి. చాలామంది ఎగ్గొట్టేది ఈ బెల్టు పట్టుకోవడాన్నే. అందుకే వాళ్ల కుక్క ముక్క నోట కరుచుకుని చేతికి చిక్కకుండా జారుకుంటుంది. పూటకి 3–5 నిమిషాలు చాలు. పెట్టిన ముక్కల మేరకు అన్నం తగ్గించండి.

పదికి తొమ్మిదిసార్లు వస్తుంటే ఆరుబయటికి మార్చండి. 5–10 మీటర్ల తాడు కావాలి. దాన్ని మెడ బెల్టుకి కాదు, హార్నెస్‌కే (ఛాతీ చుట్టూ వేసే పట్టీకే) కట్టండి. పరుగెత్తే కుక్క తాడు చివర ఆగితే ఆ కుదుపు మెడ మీద పడకూడదు. తాడు మీ చేతికి చుట్టుకోవద్దు.

రాకపోతే మళ్లీ మళ్లీ అరవకండి, వెంటపడకండి. చప్పట్లు కొడుతూ మీరే వెనక్కి పరుగెత్తండి, వెంబడించడం దానికి సరదా. అప్పటికీ రాలేదంటే దూరం ఎక్కువైందన్నమాట, తగ్గించండి.

పెదాలు నాక్కుంటూ, ఆవలిస్తూ, వంకరగా నెమ్మదిగా వస్తుంటే అది పొగరు కాదు. మీ గొంతుకో, మీదికి వంగిన తీరుకో జంకుతోంది. పక్కకి తిరిగి కూర్చోండి. ఆలస్యంగా వచ్చినా మాత్రం తిట్టొద్దు. దాని లెక్కలో ఆ తిట్టు, వచ్చినందుకే.

పది పిలుపుల్లో ఎనిమిదింటికి ముక్క పెట్టి మళ్లీ ఆటకే వదలండి. స్నానానికి, మందుకి, గోళ్లు తీయడానికి అసలు పిలవొద్దు, మీరే వెళ్లి తెచ్చుకోండి. వేరే కుక్కలు కనిపిస్తున్నా మొదటి పిలుపుకే తిరిగొచ్చేదాకా ప్రహరీ లేని చోట తాడు విప్పకండి.