వాన శబ్దానికి గుండె దడ: నాకు పనిచేసింది ఇది

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు మాది నెల్లూరు దగ్గర కోవూరు వైపు. ఆ తర్వాత రేకుల మీద చినుకు పడితే చాలు, దడ, చెమట, రాత్రంతా ఫోన్‌లో సోమశిల డ్యామ్ నుంచి ఎంత నీరు వదిలారో చూడడం. నిద్రమాత్ర, టీవీ కట్టేయడం, ముడుపు కట్టడం, బంధువులకు ఫోన్లు: ఏదీ నాలుగు రోజులు నిలవలేదు.

పనిచేసింది ఇదీ. ముందు ఆధార్, పొలం కాగితాలు, అమ్మ బీపీ మాత్రలు, టార్చి ఒక సంచిలో పెట్టి తలుపు పక్క మేకుకు తగిలించాను. తర్వాత ఫోన్ చూడడం ఉదయం ఆరుకు, సాయంత్రం ఆరుకు మాత్రమే. అసలు పని ఆ తర్వాతే. వాన మొదలవగానే అమ్మ చేట తెచ్చి, "ఏందిరా అట్టా చూస్తావు, ఈ బియ్యంలో రాళ్లేరు" అంది. గుప్పెడు బియ్యం పరిచి, ఒక్కో రాయి వేలికి తగిలినప్పుడల్లా ఊపిరి పీల్చినదానికంటే నిదానంగా వదిలాను. వదిలే ఊపిరి పొడవైతే గుండె వేగం తగ్గుతుంది. పావుగంటకు రేకుల చప్పుడు ఉత్త చప్పుడైంది. అమ్మ చిన్నప్పుడు చెరువులో కొరమీను పట్టిన సంగతి చెబుతుంటే నవ్వాను. ఆ వాన పడుతుండగానే! ఆ నవ్వు నాకింకా గుర్తుంది.

అందరికీ కుదురుతుందని చెప్పలేను. సగం ధైర్యం ఆ సంచిదే కావచ్చు. దడ వారాల తరబడి వదలకపోతే డాక్టర్‌కు చూపించండి. ఖాళీ చేయమని దండోరా వేస్తే మాత్రం చేట అక్కడే వదిలి, సంచి తీసుకుని బయల్దేరండి.