ల్యాండ్‌ఫిల్ కొత్త సెల్ (చెత్త నింపే గుంట): అడుగు వాలు గీసే ముందు చూసుకోవలసినవి

• వేసవిలో తీసిన బోరు రీడింగులతో సరిపెట్టుకోవద్దు. భూగర్భజలం అత్యధికంగా ఎక్కడిదాకా వస్తుందో వానలు పడ్డాక చూడండి. ఆ మట్టం సెల్ అడుగున పరిచే బంకమట్టి పొర కంటే కనీసం 2 మీటర్లు కిందే ఉండాలని 2016 ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి.

• అసలు టెన్షన్ వాలుతోనే. డ్రాయింగులో ఉన్న వాలు కాదు, చెత్త బరువుకు నేల కుంగాక మిగిలేదే లెక్క. చెత్త ఎత్తు ఎక్కువుండే నడిమి భాగం అంచుకంటే ఎక్కువ కుంగుతుంది. లీచేట్ (చెత్తలోంచి ఊరే మురికి నీరు) పారడానికి నడిమి నుంచి అంచున ఉన్న సంప్ (ఆ నీరు చేరే గుంట) దాకా 100 మీటర్ల పైపు, 1 శాతం వాలు అనుకోండి. మొత్తం తేడా 1 మీటరే. నడుమ 60 సెం.మీ. అదనంగా కుంగితే మిగిలేది 0.4 శాతం. ఆ అదనపు కుంగుడు 1 మీటరు దాటితే లీచేట్ వెనక్కి పారుతుంది. మెత్తటి నేలైతే మొదటే వాలు పెంచండి.

• పైపు చుట్టూ సున్నపురాయి కంకర వద్దు, లీచేట్‌కు కరుగుతుంది. కడిగిన గ్రానైట్ కంకర మేలు.

• పైపుకే జియోటెక్స్‌టైల్ (నీటిని వడకట్టే గుడ్డ) చుట్టొద్దు, త్వరగా పూడిపోతుంది.

• పైపు రెండు చివర్లా కడిగే దారి తప్పనిసరి. చెత్త పడ్డాక తవ్వి చూడలేం.

• లీచేట్ నేలలోకి ఇంకకుండా అడుగున పరిచే ప్లాస్టిక్ షీటుకు రంధ్రం పెట్టి పైపు బయటికి తీయడం నాకు ససేమిరా ఇష్టం లేదు. గట్టు వాలు మీదుగా పంపుతో తోడండి.

• పంపు సైజు తొలి వానాకాలానికి చూడండి. అప్పటికి చెత్త పలుచగా ఉంటుంది, పడ్డ వాన దాదాపు అంతా సంప్‌కే చేరుతుంది.