మళ్ళీ రాడ్ పట్టుకోవాలంటే

కొన్నేళ్ళు వెయిట్ ట్రైనింగ్ చేసి, దెబ్బ తగిలో, ఇంట్లో ఏదో జరిగో ఆపేసినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొత్తగా చేరేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకి ఉత్సాహం ఉంటుంది, పోల్చుకోవడానికి పాత అంకెలు ఉండవు. మనకి అంకెలన్నీ గుర్తుంటాయి, ఉత్సాహమే ఉండదు.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్పి విషయంలోకి వస్తాను. మాది రాజమండ్రి. ఉండేది హైదరాబాద్ నిజాంపేటలో, చేసేది అకౌంట్స్ పని. ముప్ఫై దాటాక జిమ్‌లో చేరాను. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బరువుల రాడ్‌ని వంగి పట్టుకుని ఎత్తడం) 80 కిలోల దాకా వెళ్ళింది. అలాంటిదాన్ని 20 లీటర్ల నీళ్ళ టిన్ను డిస్పెన్సర్ మీద బోర్లించబోతూ నడుం పట్టేసి వంటింట్లోనే కూలబడ్డాను. నడుం కింది భాగంలో ఎల్4, ఎల్5 అనే వెన్నుపూసల మధ్య డిస్క్ ఉబ్బిందని ఎమ్మారైలో వచ్చింది. అది కుదుటపడేలోపే నాన్నగారు పోయారు. ఆ వెనకే మా ఆఫీసు బ్రాంచి మూసేశారు. ఆ తర్వాత చాలాకాలం జిమ్ బ్యాగు బీరువా పక్కనే పడి ఉంది.

మొదట డాక్టరు విషయం. పాదం పైకి లేవకపోతున్నా, కాలు తిమ్మిరి రోజురోజుకీ పెరుగుతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా ఇది చదవడం ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. అలాంటివేమీ లేకపోతే డాక్టరుని అడిగే ప్రశ్న మార్చండి. "బరువులు ఎత్తొచ్చా?" అని అడిగితే "ఎందుకమ్మా, వాకింగ్ చేసుకోండి" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. "ఏ కదలిక వద్దు, ఎన్నాళ్ళు వద్దు, ఏది ఇప్పుడే చేయొచ్చు?" అని అడగండి. ఫిజియోథెరపిస్టుకైతే మీ పాత స్క్వాట్ (బరువుతో గుంజీలా కూర్చుని లేవడం) వీడియో ఫోన్‌లో చూపించండి. నోటితో వర్ణించడం కంటే అది మేలు. ఇంకో మాట. నొప్పి అనేదే లేనివాళ్ళకి స్కాన్ తీసినా చాలామందిలో డిస్క్ ఉబ్బు కనిపిస్తుంది. రిపోర్టులో ఉన్న ఆ ఒక్క వాక్యాన్ని యావజ్జీవ శిక్షలా చదువుకోవద్దు.

ఇక మనసు సంగతి. "మోటివేషన్ లేదు" అన్న మాట కింద చాలా దాక్కుంటాయి. కళ్ళు మూసుకుని ఇంటి నుంచి జిమ్ దాకా ఊహించుకుంటూ వెళ్ళండి. కడుపులో ఎక్కడ తిప్పుతోందో చూడండి. జిమ్ మెట్లెక్కుతుంటే తిప్పితే అది సిగ్గు. రాడ్ ముందు నిలబడ్డప్పుడైతే భయం. మంచం దిగాలంటేనే అలా ఉంటే ఆ సంగతికి జిమ్‌తో పెద్దగా సంబంధం లేదు. మూడింటికీ మందు ఒకటి కాదు. యూట్యూబ్‌లో అరిచే వీడియోలు మూడింటికీ ఒకే మందు పోస్తాయి, అందుకే వాటి ప్రభావం సాయంత్రానికే దిగిపోతుంది.

నాకు మెట్ల దగ్గరే తిప్పేది. ఒకప్పుడు నేను ఫామ్ (ఎత్తే తీరు) సరిచేసిన అమ్మాయిల ముందు ఖాళీ రాడ్ పట్టుకోవాలి కదా అని. దీనికి రెండు పనులు పనికొచ్చాయి. ఒకటి వేళ మార్చడం. పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు దాటాక ఏ జిమ్ అయినా నిండిపోతుంది. మధ్యాహ్నం పూట దాదాపు ఖాళీ. ఉద్యోగం పోవడం వల్ల నాకు దక్కిన లాభం అదొక్కటే. ఆఫీసుకి వెళ్ళేవాళ్ళు ఆదివారం, జిమ్ మూయబోయే ముందు గంటలో ప్రయత్నించండి. రెండోది "ఏంటక్కా, ఇన్నాళ్ళూ కనపడలేదు?" అన్న ప్రశ్నకి జవాబు ఇంటి దగ్గరే తయారు చేసుకోవడం. "నడుం బాగాలేదు, మెల్లగా మొదలుపెడుతున్నా" అంటే చాలు. రెండో ప్రశ్న ఎవరూ వేయరు, అద్దంలో వాళ్ళ బైసెప్స్ వాళ్ళు చూసుకోవాలి.

అసలు కిటుకు మాత్రం వ్యాయామాలు ఎంచుకోవడంలో ఉంది. మీకు పాత రికార్డు ఉన్న లిఫ్టులు మొదటి రెండు మూడు నెలలు ముట్టుకోకండి. వీపు మీద రాడ్ పెట్టి 60 కిలోలతో స్క్వాట్ చేసినవాళ్ళు 20 కిలోల ఖాళీ రాడ్‌తో మొదలుపెడితే ప్రతి సెట్టులోనూ (ఆగకుండా చేసే ఒక్కో విడతలోనూ) ఆ మిగతా 40 గుర్తొస్తుంది. అదే డంబెల్ ఛాతీకి ఆనించుకుని గాబ్లెట్ స్క్వాట్ చేయండి. అది మీరు సీరియస్‌గా ఎప్పుడూ చేసి ఉండరు. 8 కిలోలతో మొదలుపెట్టి 10కి వెళ్తే అది నిజంగానే మీ కొత్త రికార్డు. బెంచ్ ప్రెస్ బదులు నేల మీద పడుకుని డంబెల్ ప్రెస్, బార్‌బెల్ రో (వంగి రాడ్‌ని పొట్ట వైపు లాగడం) బదులు ఛాతీని ఏటవాలు బెంచీకి ఆనించి రో. నడుం బాగాలేనివాళ్ళకి ఈ చివరిది ఎలాగూ మంచిది, వీపు కింది భాగం బరువు మోయక్కర్లేదు. పుస్తకం కూడా కొత్తది కొనండి. పాత యాప్ ఉంటే ఫోన్‌లోంచి తీసేయండి. పోయిన వారంతో తప్ప దేనితోనూ పోల్చుకునే వీలు ఉండకూడదు. మనసు దానంతటదే వస్తుందని కూర్చుంటే రాదు. ఏదో ఒక అంకె పెరగడం చూస్తే వస్తుంది. కాబట్టి పెరిగే అంకెలున్న చోటికి మనమే వెళ్ళాలి.

భయం సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. నడుం పట్టేసినవాళ్ళు నేల మీది పెన్ను తీయడానికి కూడా బిగుసుకుపోతారు. నన్ను ఫిజియోథెరపిస్టు ఒక కర్రతో మొదలుపెట్టించారు. కర్రని వీపు వెంట నిలువుగా పెట్టుకోవాలి. అది తల వెనక, భుజాల మధ్య, నడుం చివరి ఎముక దగ్గర ఆనాలి. మోకాళ్ళు కొంచెం వదులు చేసి పిరుదుల్ని వెనక్కి నెడుతూ ముందుకి వంగాలి. మూడు చోట్లలో ఏ ఒక్కటి వదిలినా అక్కడితో ఆగి పైకి రావాలి. ఇంట్లో తుడుపు కర్ర చాలు. అది నొప్పి లేకుండా కుదిరాక చేతిలో చిన్న డంబెల్, ఆ తర్వాత కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు), ఆ తర్వాతే రాడ్. రాడ్‌ని కూడా నేల మీంచి ఎత్తక్కర్లేదు. కింద ప్లేట్లు పేర్చి మోకాలి ఎత్తున పెట్టుకుని మొదలుపెట్టండి. కొన్ని వారాలకొకసారి ఒక ప్లేటు తీసేస్తూ కిందికి దిగండి. భుజం దెబ్బ అయినా, మోకాలు అయినా పద్ధతి ఇదే: నొప్పి లేని పరిధి ఎంతో కనుక్కుని అక్కడ బలం పెంచి, ఆపైన పరిధి పెంచడం.

నొప్పికి కొలత పెట్టుకోండి. సున్నా నుంచి పది దాకా మీరే మార్కులు వేయండి. మూడు లోపు ఉంటే సాగించవచ్చు. నాలుగు, ఐదు అయితే బరువో లోతో తగ్గించండి. అంతకు మించితే ఆ వ్యాయామం ఆ రోజుకి చాలు. అసలు పరీక్ష మర్నాడు పొద్దున. నిద్ర లేవగానే రోజూ ఉండే బిగుతే ఉంటే నిన్న చేసింది సరిపోయినట్టు. మామూలు కంటే ఎక్కువగా ఉంటే వచ్చేసారి కొంచెం తగ్గించాలి, మానేయక్కర్లేదు. నొప్పి నడుం నుంచి కాలి కిందికి జారుతుంటే మాత్రం ఈ మార్కుల లెక్క పనికిరాదు, ఆపి చూపించుకోండి.

మొదటి నెలకి నేను చెప్పేది చాలా తక్కువగా అనిపిస్తుంది. వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం రెండు రోజుల ఎడం. మూడే వ్యాయామాలు, ఒక్కోటి రెండు సెట్లు, సెట్టుకి ఎనిమిది రెప్స్ (ఎనిమిది సార్లు ఎత్తి దించడం). పదిహేను చేయగలిగిన బరువు తీసుకుని ఎనిమిదితో ఆపాలి. అరగంటలో బయటపడాలి. "ఇంకా చేయగలనే" అనిపిస్తుండగానే బయటికి రావడం ఇక్కడ పాయింటు. రెండో నెల నుంచి మూడో సెట్టు కలపండి. అదే బరువుతో ఎనిమిది నుంచి పన్నెండు రెప్స్ దాకా పెంచి, అన్ని సెట్లలోనూ పన్నెండు వచ్చాకే బరువు పెంచి మళ్ళీ ఎనిమిదికి రండి. రాడ్ దాకా వచ్చాక ఒక చిక్కు ఉంది. మన కాలనీ జిమ్ముల్లో అన్నిటికంటే చిన్న ప్లేటు సాధారణంగా 2.5 కిలోలు. రెండు వైపులా వేస్తే ఒక్కసారే 5 కిలోలు పెరుగుతుంది, దెబ్బ తిన్న ఒంటికి అది పెద్ద మెట్టు. 1.25 కిలోల జత నేనే కొనుక్కుని బ్యాగులో పెట్టుకున్నాను. రాడ్ బరువు కూడా నమ్మకండి. 20 కిలోలని చెప్పే సన్న రాడ్లు అంత ఉండవు. బరువు చూసుకునే మిషన్ మీద రాడ్‌తో ఒకసారి, రాడ్ లేకుండా ఒకసారి నిలబడితే తెలిసిపోతుంది.

కండ మనం అనుకున్నదానికంటే త్వరగా తిరిగొస్తుంది. వ్యాయామంతో కండరం పెరిగినప్పుడు దాని కణాల్లో కేంద్రకాల సంఖ్య పెరుగుతుందనీ, మానేశాక కండ తగ్గినా అవి చాలావరకు ఉండిపోతాయనీ పరిశోధకులు చెబుతారు. కారణం పూర్తిగా అదేనా అన్నది వాళ్ళు తేల్చుకుంటారు. మొదటిసారి ఏడాది పట్టింది రెండోసారి కొన్ని నెలల్లో రావడం మాత్రం నేను కళ్ళారా చూశాను. ప్రమాదమూ అందులోనే ఉంది. కండరంతో పోలిస్తే దాన్ని ఎముకకి కట్టి ఉంచే స్నాయువు నెమ్మదిగా గట్టిపడుతుంది. మూడో నెలలో ఒంట్లో బలం వచ్చినట్టుంటుంది, హుషారుగా ప్లేట్లు ఎక్కిస్తాం, మోచెయ్యో మోకాలో మొరాయిస్తుంది. ఉత్సాహం లేని రోజుల కంటే ఉత్సాహం పొంగిన ఆ నెలలోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఇప్పుడు ఆ మూడోది, మంచం దిగనివ్వనిది. వెయిట్ లిఫ్టర్ కరణం మల్లీశ్వరి పేరు వినగానే మనకి 2000 సిడ్నీ ఒలింపిక్స్ గుర్తొస్తుంది. 69 కిలోల విభాగంలో స్నాచ్ (రాడ్‌ని ఒక్క ఊపున తల మీదికి ఎత్తడం) 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల దాకా, ఆపైన తల మీదికి) 130, మొత్తం 240 కిలోలు, కాంస్యం. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. ఆ తర్వాతి కథ ఎవరూ పెద్దగా చెప్పరు. 2001లో కొడుకు పుట్టాక 2002 కామన్వెల్త్ క్రీడల్లో తిరిగి దిగాలనుకున్నారు. తండ్రి చనిపోవడంతో మానుకున్నారు. 2004 ఏథెన్స్‌కి వెళ్ళారు గానీ అక్కడ లిఫ్ట్ కుదరలేదు, ఆపైన విరమించుకున్నారు. అంత మనిషినే ఆపిన దుఃఖం మనల్ని కొన్ని నెలలు ఆపితే దానికి బద్ధకం అని పేరు పెట్టుకోవద్దు. నాన్నగారు పోయాక "బిజీగా ఉంటే మర్చిపోతావు, జిమ్‌కి వెళ్ళు" అని సలహా ఇచ్చినవాళ్ళంటే నాకు ఇప్పటికీ చిరాకే.

ఆ రోజుల్లో చేయగలిగింది వేరే ఉంది. నిద్రపోయే వేళ, లేచే వేళ మారకుండా చూసుకోవడం. రోజూ ఇరవై నిమిషాలు నడవడం. కడుపుకి సరైన తిండి. బరువులెత్తేవాళ్ళకి రోజుకి ఒంటి బరువులో కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ ఉంటే మంచిది, అంటే 60 కిలోల మనిషికి 72 నుంచి 96 గ్రాములు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడక్కుండా పెంచకూడదు. మైల రోజుల్లో గుడ్డు, మాంసం ఇంట్లోకి రావు. మా అమ్మ చేసే కూరల్లో 30 గ్రాముల మీల్ మేకర్ పడేలా చూశాను, అందులో 15 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. పప్పు, పెరుగు, వేయించిన సెనగలతో మిగతాది కొంత నడిచింది. ఇప్పుడు గుడ్లు తింటున్నాను, ఒక్కోటి 6 గ్రాములు.

రెండు మూడు వారాలు దాటినా నిద్ర లేదు, ఆకలి లేదు, ఏ పనీ ఇష్టంగా లేదు అంటే అది జిమ్ ప్రోగ్రామ్‌తో తీరేది కాదు. టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. నేను మాట్లాడాను.

డబ్బు దగ్గర ఒక్క మాట. తిరిగి చేరేటప్పుడు ఏడాది ప్యాకేజీ ఆఫర్ అని వెంటపడతారు. నెలకి లెక్కేస్తే చవకే. కానీ మధ్యలో నడుం పట్టినా, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా కట్టిన డబ్బు గుర్తొచ్చి ఇంకో టెన్షన్. మొదటి మూడు నెలలు నెలనెలా కట్టండి.

మళ్ళీ గ్యాప్ వస్తుంది, రాకుండా ఉండదు. సంవత్సరీకం వస్తుంది, జ్వరం వస్తుంది, ఆడిట్ సీజన్ వస్తుంది. ఒక వారం పోతే అదే బరువుతో ఒక సెట్టు తగ్గించి చేయండి. రెండు మూడు వారాలు పోతే బరువులు పది, ఇరవై శాతం దించండి. నెల దాటితే మళ్ళీ మొదటి నెల ప్లానే, ఈసారి రెండు వారాల్లో ముగుస్తుంది. ఈ లెక్క కొత్త పుస్తకం అట్ట లోపల ముందే రాసిపెట్టుకుంటే తిరిగొచ్చిన రోజున ఏం చేయాలో ఆలోచించే పని ఉండదు.

పాత లిఫ్టులకి ఎప్పుడు తిరిగెళ్ళాలి అంటే, వెళ్ళాలనిపిస్తే, వెళ్ళగలిగినప్పుడు. నేను స్క్వాట్‌కి వెళ్ళాను. డెడ్‌లిఫ్ట్ మాత్రం ఇప్పటికీ రెండు ప్లేట్ల ఎత్తు మీంచే తీస్తున్నాను. నేల మీంచే తీయాలన్న నియమం పోటీలకి వెళ్ళేవాళ్ళకి.