కంప్యూటర్ ఊరికే ఆగిపోతోందా? తప్పు చౌక యూపీఎస్‌దేనా అని తేల్చుకోవడం ఎలా

కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంటే జనం మొదట విండోస్ మళ్లీ ఎక్కిస్తారు. తర్వాత ర్యామ్ పీకి, తుడిచి పెడతారు. అప్పటికీ బాగుపడకపోతే మదర్‌బోర్డు పోయిందని తేల్చేసి కొత్తది కొంటారు. కరెంటు పోతే బ్యాటరీ మీద కంప్యూటర్‌ను కాసేపు నడిపే యూపీఎస్ టేబుల్ కింద దుమ్ము పట్టి ఉంటుంది, దాని వైపు మాత్రం ఎవరూ చూడరు. కాపాడటానికే కొన్నాం కదా, అదెందుకు చెడగొడుతుందని ధీమా. కంప్యూటర్‌కు వెళ్లే కరెంటంతా దాని రిలే (గోడ కరెంటు నుంచి బ్యాటరీకి మార్చే స్విచ్) గుండానే పోతుందన్న సంగతి గుర్తుండదు. అలాగని చౌకదైనంత మాత్రాన ప్రతి తప్పూ దాని నెత్తిన రుద్దడం కూడా సరికాదు. పరీక్షించి తేల్చుకోవాలి.

కావలసినవి కొన్నే: పాతకాలపు ఫిలమెంట్ బల్బులు (100 వాట్లవి రెండు చాలు), వాటికి హోల్డర్లు ఉన్న బోర్డు, లినక్స్ బూట్ అయ్యే పెన్‌డ్రైవ్, గడియారం. ఎల్‌ఈడీ బల్బులు పనికిరావు, అవి లాగే కరెంటు ఏ మూలకూ చాలదు. ఇస్త్రీపెట్టె, లేజర్ ప్రింటర్ లాంటివి యూపీఎస్‌కు అసలు తగిలించకండి, ఓవర్‌లోడ్ అవుతుంది. మల్టీమీటర్ కూడా పక్కన పెట్టండి. చౌక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చే మెట్లమెట్ల కరెంటును మామూలు మీటర్ సరిగా కొలవలేదు. అది చూపే అంకెతో టెన్షన్ తప్ప ఒరిగేదేమీ లేదు.

ముందు డబ్బా మీద అంకె చూడండి. 600 వీఏ (వోల్ట్-యాంపియర్) అంటే 600 వాట్లు కాదు. చౌక మోడళ్లలో సాధారణంగా అందులో 60 శాతమే, అంటే 360 వాట్లు వస్తాయి. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ గేమ్ నడిచేటప్పుడు ఒక్కటే అంత లాగగలదు. మామూలు పనిలో బాగానే ఉండి, గేమ్ మధ్యలో కరెంటు పోగానే చప్పున ఆగిపోతే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు, లోడ్ ఎక్కువైంది.

తర్వాత విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరవండి. కెర్నల్-పవర్ 41 అని ఉంటుంది. కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దానర్థం, యూపీఎస్ దోషమని కాదు. వివరాల్లో బగ్‌చెక్‌కోడ్ 0 అని ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాలేదన్నమాట. అప్పుడు కరెంటు వైపు అనుమానించవచ్చు. ఆ టైముకు ఇంట్లో లైట్లు మినుకుమన్నాయా, యూపీఎస్ టక్కుమందా అన్నది గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు యూపీఎస్‌ను పక్కన పెట్టి, ఒక వారం కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు కలిపి నడపండి. గొడవ అలాగే ఉంటే యూపీఎస్ జోలికి వెళ్లకండి, ఎస్‌ఎంపీఎస్‌నో (కంప్యూటర్ లోపలి పవర్ సప్లై) వేడినో చూసుకోండి. గొడవ పోతే దొంగ దొరికినట్టే. ఇందులో వింతేమీ లేదు. ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. వోల్టేజీ కాస్త తగ్గితే కంప్యూటర్‌కు పట్టదు, చౌక యూపీఎస్ మాత్రం కంగారుపడి బ్యాటరీకి మారుతుంది. మారిన ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్లు కరెంటు తెగుతుంది. లేని గొడవ తెచ్చిపెట్టడమంటే ఇదే.

అసలు పని బల్బు పరీక్ష. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

యూపీఎస్‌ను రాత్రంతా ఛార్జ్ చేయండి. సగం ఛార్జ్‌తో పరీక్షిస్తే మంచి బ్యాటరీ కూడా చచ్చిందనిపిస్తుంది. కంప్యూటర్, మానిటర్ అన్నీ ఊడదీసి బల్బులు మాత్రమే కలపండి. యూపీఎస్ ఇవ్వగల వాట్లలో సగం మించకూడదు, 360 వాట్లదైతే ఒక్క బల్బే పెట్టండి.

ఇప్పుడు కరెంటు ఆపాలి. దయచేసి ప్లగ్ పీకకండి. ప్లగ్ పీకితే ఎర్త్ కూడా తెగిపోతుంది. బల్బుకు ఎర్త్‌తో పని లేకపోవచ్చు, కానీ రేపు కంప్యూటర్‌తో కూడా ఇలాగే చేస్తారు, అప్పుడు క్యాబినెట్ ముట్టుకుంటే షాక్ కొట్టే అవకాశం ఉంటుంది. సాకెట్ పక్కనున్న స్విచ్ ఆపండి. స్విచ్ లేకపోతే ఆ గదికి వెళ్లే బ్రేకర్ ఆపండి. యూపీఎస్ మీదున్న బటన్ నొక్కితే అది పరీక్ష కాదు, యూపీఎస్‌నే ఆపేసినట్టు. కొన్నిటికి సెల్ఫ్ టెస్ట్ ఉంటుంది, దాన్ని నేను లెక్కలోకి తీసుకోను. కొన్ని సెకన్లు నడిచి పచ్చ లైటు చూపించేదాన్ని పరీక్ష అనలేం.

స్విచ్ ఆపే క్షణంలో కళ్లు బల్బు మీదే ఉండాలి. వెలుగు కాస్త వణికి నిలబడితే మంచిదే. బల్బు స్పష్టంగా నల్లబడి మళ్లీ వెలిగితే యూపీఎస్ మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటోందని అర్థం. ఎస్‌ఎంపీఎస్ కెపాసిటర్లలో దాచుకున్న కరెంటు నిండు లోడ్‌లో కంప్యూటర్‌ను సుమారు 16 మిల్లీసెకన్లే నడపగలదు. మంచి యూపీఎస్ 10 మిల్లీసెకన్లలోపే మారుతుంది.

తర్వాత టైము చూసుకోండి. 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ బ్యాటరీ సగం లోడ్ మీద పది నిమిషాల చుట్టుపక్కల నిలవాలి. ఒకటి రెండు నిమిషాలకే చేతులెత్తేస్తే బ్యాటరీ అయిపోయింది. లోడ్ లేనప్పుడు వోల్టులు నిండుగా చూపించినా సరే. బీప్‌లు గబగబా వస్తే వెంటనే కరెంటు ఇచ్చేయండి, పూర్తిగా పిండితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. కాలిన వాసన వచ్చినా, బ్యాటరీ ఉబ్బి కనిపించినా అక్కడితో ఆపండి. ఉబ్బిన బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించకండి.

బల్బు నెగ్గితే కంప్యూటర్ నెగ్గుతుందని కాదు. బల్బుకు కరెంటు ఆకారంతో పని లేదు. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కు ఉంది. అది గోడ సాకెట్‌లో వచ్చే నున్నటి అలను, అంటే సైన్ వేవ్‌ను, అనుసరించేలా తయారైంది. చౌక యూపీఎస్ ఇచ్చే మెట్ల అలలో కాసేపు వోల్టేజీ సున్నా దగ్గరే ఉండిపోతుంది. దాంతో కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు గుయ్‌మంటాయి, కొన్ని ఒక్కసారిగా ఎక్కువ లాగుతాయి, యూపీఎస్ ఓవర్‌లోడ్ అనుకుని ఆగిపోతుంది. అందరి దగ్గరా ఇలా జరగదు, అందుకే పక్కింట్లో బాగా పనిచేసిన మోడల్ మీ దగ్గర మొండికేస్తుంది.

కాబట్టి యూపీఎస్‌ను మళ్లీ నిండా ఛార్జ్ చేసి కంప్యూటర్‌తో కూడా చూడాలి, కానీ విండోస్ నడుస్తుండగా కాదు. ఎక్స్‌టర్నల్ డిస్క్ తీసేయండి. ముందు బయోస్ తెర (విండోస్ మొదలవకముందు వచ్చే సెట్టింగుల తెర) మీద ఉంచి స్విచ్ ఆపండి. నిలబడితే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ తెరిచి, నాలుగైదు వీడియోలు ఒకేసారి నడుపుతూ మళ్లీ ఆపండి. ఫైల్ తెరిచి ఉండగా పరీక్షించి డేటా పోయిందని ఏడిస్తే ఎవరూ ఏమీ చేయలేరు.

బల్బు ఓడితే ముందు బ్యాటరీ మార్చండి, అప్పటికీ ఓడితే యూపీఎస్‌నే మార్చండి. బల్బు నెగ్గి, వాట్లు సరిపోతున్నా కంప్యూటర్ ఆగిపోతే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ తప్ప వేరే దారి లేదు. ఎక్కువ వీఏ ఉన్న మరో చౌకది కొంటే అదే గొడవ మళ్లీ మొదలవ్వొచ్చు. కొత్త బ్యాటరీ వేసిన రోజే దాని మీద తేదీ రాసి అంటించండి. యూపీఎస్ కొత్తదైతే డబ్బాలోంచి తీసీ తీయగానే కంప్యూటర్‌కు తగిలించకండి, దాన్ని కూడా రాత్రంతా ఛార్జ్ చేసి, బల్బు పరీక్ష అయ్యాకే కలపండి.